బిళ్ళగన్నేరు ఆకులో మందు ఎలా తయారవుతుంది?



గోడ వారన, బావి గట్టు పగుళ్ళలో, ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఏడాది పొడుగునా పూసే మొక్క బిళ్ళగన్నేరు. లేత ఊదా రంగు పూలో, తెల్లటి పూలో, అయిదేసి రేకులతో ఉంటాయి. ఆకు కటిక చేదు, మేకలు కూడా మూతి పెట్టవు. దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. పసిపిల్లల రక్త క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్, హాడ్జ్‌కిన్ లింఫోమాకు వాడే విన్‌బ్లాస్టిన్ ఈ మొక్క నుంచే వచ్చాయి.

ఆ సంగతి బయటపడిన తీరు వినదగ్గది. జమైకాలో ఈ ఆకు కషాయాన్ని మధుమేహానికి తాగుతారని తెలిసి, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర మాట అలా ఉంచితే, ఆకు సారాన్ని సూదిమందుగా ఎక్కించిన ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. రోగాలకు తట్టుకోలేక అవి చనిపోయాయి. రక్త క్యాన్సరులో అదుపు తప్పి పెరిగేవి తెల్ల కణాలే కదా! ఆ దారిన వెతికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసి, 1958లో లోకానికి చెప్పారు. కణం రెండుగా చీలాలంటే లోపల సన్నని గొట్టాలు కట్టుకోవాలి. ఈ మందు వాటిని కట్టుకోనివ్వదు.

చిక్కంతా పరిమాణంలో ఉంది. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోలు దాటుతుంది.

మొక్క అంత కొంచెమే ఎందుకు చేస్తుంది? అది మన కోసం చేసే మందు కాదు, పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి చేసుకునే విషం. ముప్పైకి పైగా రసాయన మెట్లు ఎక్కితే గాని అది తయారు కాదు. మెట్టు మెట్టుకూ ఒక ఎంజైము ఉండాలి. ఆ ఎంజైమును ఎలా చేయాలో జన్యువులో రాసి ఉంటుంది. పైగా పనంతా ఒక్కచోట జరగదు. ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లో మొదలై, ఆకు పైపొర కణాలకు చేరి, చివరి మెట్లు అక్కడక్కడా విడిగా ఉండే ప్రత్యేక కణాల్లో పూర్తవుతాయి. మధ్యలో స్ట్రిక్టోసిడిన్ అనే పదార్థం వస్తుంది. మొక్క దాన్ని కణంలోని నీటి సంచిలో ఉంచి, దాన్ని విషంగా మార్చే ఎంజైమును మాత్రం కణ కేంద్రకంలో దాస్తుంది. పురుగు ఆకు కొరికితే కణం చితికి రెండూ కలుస్తాయి. పురుగు నోట్లోనే విషం పుడుతుంది. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు మన పెరటి మొక్కలో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరి ఏ జన్యువు ఏ మెట్టుదో తెలిసేదెలా? ఇంట్లో ఒక్కో ఫ్యూజు పీకి ఏ దీపం ఆరిందో చూసినట్టు, శాస్త్రవేత్తలు ఒక్కో జన్యువును పనిచేయకుండా ఆపి ఆకులో ఏ పదార్థం ఆగిపోయిందో చూస్తారు. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో సారా ఓకానర్ బృందం ఏళ్ళ తరబడి ఈ పని చేసింది. అంతుచిక్కకుండా మిగిలిన రెండు ఎంజైములను 2018లో పట్టుకుంది. దాంతో విన్‌బ్లాస్టిన్ తయారయ్యే దారిలో ఉన్న ఖాళీలు పూడిపోయాయి.

2022లో మరో బృందం ఆ జన్యువులను ఈస్టులో పెట్టింది. రొట్టె పిండిని పొంగించే ఆ ఈస్టే. అందులో 56 జన్యు మార్పులు చేశారు, వాటిలో భాగంగానే మొక్కల జన్యువులు 34 చేర్చారు. అప్పుడు ఈస్టు విన్‌బ్లాస్టిన్‌కు ముడిసరుకులైన విండోలిన్, కాథరాంథిన్‌లను తయారుచేసింది. ఆ రెంటినీ ప్రయోగశాలలో కలిపి మందు తీశారు. ఆ ప్రయోగంలో దిగుబడి మైక్రోగ్రాముల్లోనే వచ్చింది కాబట్టి పొలంలో ఆకు పండించే రైతు అవసరం తీరిపోలేదు.

చివరగా మీకు ఒక విన్నపం. షుగరు తగ్గుతుందని పరగడుపున బిళ్ళగన్నేరు ఆకులు నమిలేవారు మన ఊళ్ళలో ఉన్నారు. దయచేసి మానండి. ఒక్కో ఆకులో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ లాంటి పదార్థాలు ఎంత ఉంటాయో కంటితో చెప్పలేం. తెల్ల కణాలను పడగొట్టేవీ, నరాలను దెబ్బతీసేవీ అవే. ఆసుపత్రిలో ఆ మందును కొలిచి, రక్తపరీక్షలు చూసుకుంటూ సిరలోకి ఎక్కిస్తారు. గర్భిణులు ఈ ఆకు జోలికే పోకూడదు. ఇప్పటికే నమిలే అలవాటుంటే ఆ మాట దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి, షుగరు మాత్రలు మాత్రం మానకండి.