రక్షణ వ్యయము – జవాను యోగక్షేమము

నెల మొదట జీతము చేతికి రాగానే ఇల్లాలు పద్దులు వ్రాసికొనును. బియ్యము, పాలు, పిల్లల చదువు, పెద్దల మందులు ముందు. కొత్త బీరువా తరువాత. ఆదాయమెంత అనునది ఒక ప్రశ్న. దానిని ఏ వరుసలో ఖర్చు చేయవలెననునది వేరొక ప్రశ్న. ఆదాయము చాలినంత ఉన్నను, వరుస తప్పిన యింట ఇబ్బంది తప్పదు. దేశరక్షణకై మనము చేయు వ్యయమును గూర్చి ఈ రెండవ ప్రశ్ననే నేడు ఆలోచింతము.

2025-26 కేంద్ర బడ్జెట్టులో రక్షణ మంత్రిత్వశాఖకు కేటాయించిన మొత్తము 6,81,210 కోట్ల రూపాయలు. ఇందులో విమానములు, ఓడలు, ఫిరంగులు మొదలగు కొత్త సామగ్రితో కూడిన మూలధన వ్యయమునకు 1,80,000 కోట్లు. పింఛనులకు 1,60,795 కోట్లు. మిగిలిన దానిలో అధికభాగము జీతములకును, దైనందిన నిర్వహణకును చెందినది. అనగా ప్రతి నూరు రూపాయలలో సుమారు ఇరువదియారు రూపాయలు మూలధన వ్యయమునకు, ఇరువదినాలుగు రూపాయలు పింఛనులకు కేటాయింపబడినవి. ఆ శాఖలోని పౌరోద్యోగుల పింఛనులు కూడ ఈ లెక్కలోనే చేరియున్నవి.

ఈ అంకెలను చూడగానే, పింఛనుల భారము తగ్గిననే గాని ఆయుధములు కొనుట సాగదని కొందరందురు. వారి ఆందోళనలో నిజము లేకపోలేదు. ఇరుగుపొరుగు సరిహద్దులు నిశ్చింతగా లేని దేశమునకు ఆయుధములు కావలసినదే. కాని పింఛను ఎందుకు ఇంత పెరిగినదో తెలిసికొనకుండ దానిని భారమనుట న్యాయము కాదు.

సైన్యము యౌవనములో ఉండవలెను. కొండలెక్కవలసినవాడు, మంచులో కాపలా కాయవలసినవాడు ఏబదియేండ్ల వాడైన పని జరుగదు. కనుక పద్దెనిమిది, ఇరువది యేండ్లకు చేరిన సామాన్య జవానును ముప్పదియైదు, నలువది యేండ్ల వయస్సుననే ఇంటికి పంపుట ఆచారమైనది. పదిహేనేండ్ల సేవ నిండినవానికి పింఛను వచ్చును. ఆఫీసులలో పనిచేయు ఉద్యోగి అరువదియేండ్లు వచ్చువరకు జీతము తీసికొనుచుండగా, జవాను తన పిల్లలు హైస్కూలులో ఉన్నప్పుడే పెట్టె సర్దుకొని రైలు ఎక్కును. ఆ త్యాగము అతడు కోరి చేసినది కాదు. దేశము తన అవసరము కొరకు కోరినది. పింఛను దానికి ప్రతిఫలమే గాని దానము కాదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దాపున మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా పెక్కు ఇండ్లనుండి బిడ్డలు సైన్యమునకు పోవుటచే దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు. అట్టి గ్రామములలో పింఛను అనగా బడ్జెట్టులోని అంకె కాదు. కూతురి పెండ్లి, తండ్రి వైద్యము, అప్పు లేని సేద్యము.

ఒకే హోదాలో, ఒకే కాలము సేవచేసిన వారికి, ఏ సంవత్సరమున విరమించినను ఒకే పింఛను ఉండవలెనని మాజీ సైనికులు చిరకాలము అడిగిరి. భగత్ సింగ్ కోషియారీ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ 2011లో ఆ కోరిక న్యాయమైనదని చెప్పినది. 2015 నవంబరు 7న ప్రభుత్వము ఉత్తరువు వెలువరించి, 2014 జులై 1నుండి దానిని అమలుపరచినది. ఇది హర్షింపదగినదే. అయినను, ఢిల్లీ వీథులలో వృద్ధులు పతకములు ధరించి నెలల తరబడి కూర్చొనిన తరువాత గాని ఆ ఉత్తరువు రాలేదని మనము మరువరాదు.

ఇక వ్యయపు వరుస ఎట్లు తప్పునో చూతము. 1962 అక్టోబరులో నేఫా ప్రాంతమున, నాంకా చూ నది లోయలో శత్రువు నెదుర్కొనిన మన జవానులలో పెక్కుమందికి నూలు దుస్తులు, కాన్వాసు బూట్లు తప్ప చలికాపు లేకుండెను. ఆ అవమానము తరువాత దేశము రక్షణకు ధారాళముగా ధనమిచ్చినది. మరి ఆ పాఠము పూర్తిగా నేర్చితిమా? 1984నుండి మన సైన్యము కాపలా కాయుచున్న సియాచిన్ హిమానీనదము వంటి ఎత్తైన తావుల కొనుగోళ్లను పరిశీలించి, కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చినది. దుస్తులు, సామగ్రి కొనుటలో నాలుగేండ్ల వరకు జాప్యము జరిగినదనియు, మంచుకాంతినుండి కన్నులను కాపాడు అద్దములకు కొరత ఏర్పడినదనియు, ఒక ఆహారమునకు బదులు వేరొకటి ఇచ్చుటచే కాలరీలు కొన్ని సందర్భములలో 82 శాతము వరకు తగ్గినవనియు ఆ నివేదిక తెలిపినది. అది వెనుకటి సంవత్సరముల మాట అనియు, లోట్లు సరిదిద్దబడినవనియు సైన్యము సమాధానము చెప్పినది.

సమాధానమును మనము విశ్వసింతము. అయినను ఒక సంగతి గమనింపదగినది. కన్నద్దములకు, బూట్లకు కావలసిన సొమ్ము యుద్ధవిమానముల ఖరీదులో అణుమాత్రము. లోపము డబ్బులో లేదు, వరుసలో ఉన్నది. విమానము కొనుగోలు ఆలస్యమైన పత్రికలన్నియు వ్రాయును. బూటు ఆలస్యమైన ఎవరును వ్రాయరు. కనబడని పద్దు వెనుకబడును.

కనుక మా అభిప్రాయమున మూడు మార్పులు అవసరము. మొదటిది: జవాను దేహమునకు సంబంధించిన పద్దులు, అనగా దుస్తులు, ఆహారము, వైద్యము, నివాసము, ప్రతి సంవత్సరము ముందుగా విడదీసి ఉంచవలెను. వేరొక ఖర్చు పెరిగినదని ఆ సొమ్మును తాకరాదు. అవి గడువులోగా చేరినవో లేవో ఏటేట పార్లమెంటునకు తెలుపవలెను.

రెండవది: గాయపడిన వానితో ప్రభుత్వము వ్యాజ్యమాడుట తగ్గవలెను. ఆరోగ్యవంతుడని పరీక్షించి చేర్చుకొనిన జవానుకు తరువాత రోగము వచ్చినచో అది సేవవలన వచ్చినదిగానే భావింపవలెననియు, కాదని నిరూపించు బాధ్యత ప్రభుత్వముదే అనియు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 2015లో రక్షణమంత్రి నియమించిన నిపుణుల కమిటీ కూడ ఇట్టి వ్యాజ్యములను తగ్గింపుమని కోరినది. చేయి పోయినవాడు మరల వకీలు ఫీజుకై వెదకుకొనుట దేశమునకు శోభ కాదు.

మూడవది: సైన్యమును విడుచువాని రేపటి బ్రతుకు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకము ప్రకారము యువకులు నాలుగేండ్లు సేవచేయుదురు. వారిలో నూటికి ఇరువదియైదుగురి వరకు మాత్రమే నిలుపబడుదురు. తక్కినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ముట్టును, పింఛను లేదు. తొలి జట్లు 2022 చివరను, 2023 మొదటను చేరినవి కనుక, 2026 చివరినుండి వారి గడువు నిండును. కేంద్ర సాయుధ పోలీసు బలగములలో వారికి రిజర్వేషను ప్రకటించిరి. అది మంచిదే. కాని ఉద్యోగములో ఉండగనే ఒక వృత్తి నేర్పి, దానికి బయట చెల్లు పత్రమిచ్చి పంపినగాని, ఇరువదిమూడేండ్ల యువకుని చేతి సొమ్ము ఎంతకాలము నిలుచును? పింఛనులో మిగిల్చిన ధనములో కొంత ఈ శిక్షణకు ఖర్చు చేయుట న్యాయము.

ఇందులకు సొమ్ము ఎక్కడిదని అడుగవచ్చును. వరుస మార్చినచో కొంత చిక్కును. బ్రిటిషు కాలమున, 1889లో, పటాలములకు పాలు సరఫరా చేయుటకై మొదలైన మిలిటరీ డెయిరీ ఫారములు 2021 మార్చి వరకు నడచినవి. పాలు ఊరూర దొరకు కాలమున అవి అవసరము లేదని గ్రహించి, 39 ఫారములను మూసివేసిరి. సైన్యపు వ్యయమును పరిశీలించిన షెకత్కర్ కమిటీ సూచనలలో ఇది యొకటి. ఇట్టి పాత పద్దులు ఇంకను వెదకి చూడవలెను.

ప్రభుత్వము చేయవలసినదే గాక మన ఇండ్లలో జరుగవలసినదియు కలదు. మేమెరిగిన ఒక గ్రామమున జవాను మరణించిన పిమ్మట అతని భార్య కుటుంబపు పింఛనుకై రెండేండ్లు తిరిగినది. సైన్యపు రికార్డులో ఆమె పేరు ఒకటి, ఆధారు కార్డులో వేరొకటి. భర్త బ్రతికియుండగా ఒక దరఖాస్తుతో సవరింపగల తప్పది. ఆయన పోయిన తరువాత ఆమె కాళ్లరిగినవి. కనుక సైన్యములో బిడ్డలున్న ఇంటివారు, వివాహము, సంతానము, పేర్లు, పుట్టిన తేదీలు సర్వీసు రికార్డులో సరిగా ఎక్కినవో లేవో సెలవుపై వచ్చిన బిడ్డను నేడే అడుగుడు. సందేహమున్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పొండు.

ఏటేట డిసెంబరు 7న సాయుధ దళముల పతాక దినమును 1949నుండి జరుపుకొనుచున్నాము. ఆనాడు పిల్లలు తెచ్చిన చిన్న జెండాను కొని చొక్కాకు పెట్టుకొందుము. జెండాతోపాటు ఒక ప్రశ్న కూడ మనసున పెట్టుకొందము: ఈ సంవత్సరపు పద్దులలో జవాను ఎన్నవ వరుసలో ఉన్నాడు? ఓటడుగ వచ్చిన వారిని ఆ ప్రశ్న అడిగినచో, ఆ వరుస తప్పక మారును.