బంగారు గనుల పక్కన రాగిచేను



మనం కూడుకున్నది కోలారు బంగారు గనుల ఊళ్లో. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లు మన పెద్దలు పాతాళంలోకి దిగి బంగారం తీశారు. కానీ ఇంట్లో పొయ్యి మీద ఉడికింది ధాన్యమే. ఆ ధాన్యం గురించే ఈరోజు మాట్లాడుకుందాం.

గని ఆగాక మనలో ఎందరో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతున్నాం. చుట్టుపక్కల పల్లెల కూలీలూ అదే దారి పట్టారు. రాగికి కలుపు తీయాలి, కోయాలి, నూర్చాలి. చేతులు కరువైతే రైతు ఏం చేస్తాడు? చాలామంది నీలగిరి చెట్లు నాటారు. భూగర్భ జలం అడుగంటుతోందని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. అప్పటికే బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. పనులు పోయిన దెబ్బ, కూలి కరువు, అప్పు, అన్నీ చివరికి చేనిమీదే పడ్డాయి.

యుద్ధమూ అంతే. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకోగానే మనకు బర్మా బియ్యం ఆగిపోయింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు ముళబాగిలులో ఒక్క బాంబూ పడలేదు. అయినా ప్రపంచ మార్కెట్లో ఎరువుల ధర మండింది. పొటాష్ దాదాపు అంతా మనం బయటి నుంచే తెచ్చుకుంటాం. గోధుమల ఎగుమతిని కూడా ఆ మే నెలలోనే మన ప్రభుత్వం ఆపేసింది.

ఇలాంటి రోజుల్లో నిలబడే పంట రాగి. వాన చాలు, ఎరువు తక్కువ, ఏళ్ల తరబడి పురుగు పట్టదు. మన తాతలు పాతరల్లో దాచుకున్నది దీన్నే. కరువు రాకముందే కొట్లు నింపిన యోసేపు కథ మనకు తెలుసు. అయితే కొట్టు నిండాలంటే ముందు రైతుకు గిట్టాలి, కోసిన కూలికి పూర్తి కూలి అందాలి.

కాబట్టి మనం మూడు పనులు చేద్దాం. రేషన్లో ఇచ్చే రాగుల్ని నామోషీ అనుకోకుండా వండుకుందాం. కోత పండుగకు పక్క ఊరి రైతు దగ్గరే, బేరమాడకుండా కొందాం. ప్రతి సంఘంలో కొన్ని మూటలు దాచి, పని పోయిన ఇంటికి అడగకముందే అందిద్దాం.

బంగారం అయిపోయింది. నేల ఇంకా ఉంది. దాన్ని కాపాడుకుందాం.