పుస్తకము మూసి చెప్పు జవాబు
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నేడు మేము పదవ తరగతి జీవశాస్త్ర పరీక్షను గూర్చి ముచ్చటింప దలచితిమి. బాటలు, మంచినీరు, ఇంటిపన్ను ఇవి పంచాయతీ పనులు గాని, పిల్లల పాఠములతో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. 1992వ సంవత్సరపు 73వ సవరణతో మన రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వానిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య యున్నది, గ్రంథాలయములున్నవి, ఆరోగ్య పారిశుద్ధ్యములున్నవి. జీవశాస్త్ర మీ మూడింటిని ఒకచోట చేర్చు చదువు. షెడ్యూలు మాట అటుండనిండు. పరీక్ష తప్పిన బాలుడు కూలికి పోవును. బాలిక తప్పినచో, పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి చేయుట నేరమని తెలిసియు, ఇంట పెండ్లిమాటలు మొదలగును. ఈ సంగతి మీకు మేము చెప్పవలసిన పనిలేదు.

పిల్లలు కష్టపడుట లేదనుట సరికాదు. తెల్లవారుజామున లేచి, ఒకే పాఠమును నాలుగైదు మారులు బిగ్గరగా చదువు పిల్లలు ప్రతి గ్రామమున నున్నారు. అయినను పరీక్షాగృహమున కూర్చుండిన పిమ్మట ఆ పాఠము గుర్తునకు రాదు. లోపము శ్రమలో లేదు, పద్ధతిలో నున్నది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికి అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. ఒక జట్టు విద్యార్థులు చిన్న గద్యభాగమును నాలుగు విడతలును చదివిరి. మరియొక జట్టు ఒక్క విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతలందును పుస్తకము చూడక, జ్ఞాపకమున్నంత మేరకు కాగితముపై వ్రాసిరి. ఐదు నిమిషముల పిదప పరీక్షింపగా చదివిన జట్టుదే పైచేయి: నూటికి 83 పాళ్లు, రెండవ జట్టునకు 71. వారము గడచిన పిదప పరీక్షింపగా తలక్రిందులైనది. చదివిన వారికి 40 పాళ్లు మాత్రమే గుర్తున్నవి. వ్రాసి చూచుకొన్నవారికి 61. మన పిల్లలకు పరీక్ష ఐదు నిమిషముల పిదప రాదు గదా!

కావున పునశ్చరణ మనగా మరల చదువుట కాదు. పుస్తకము మూసి, ప్రశ్నకు జవాబు వ్రాసి, అటుపై పుస్తకము తెరచి తప్పు దిద్దుకొనుట. ఈ పద్ధతి ఏ పాఠమునకైనను పనికివచ్చును గాని, జీవశాస్త్రమునకు మరింత తగినది. అందలి ప్రశ్నలు చాలవరకు మన ఇంటిలోను, మన వీధిలోను ఉన్నవే.

ఒక ప్రశ్న తీసికొందము: "రక్తహీనత గల బాలికకు కొద్దిపాటి పనికే ఆయాసము వచ్చుట కేమి కారణము?" వల్లెవేసిన పిల్ల "ఇనుము తక్కువగుటచేత" అని ఆగిపోవును. అది తప్పు కాదు, సగము జవాబు. ఇనుము లేనిదే ఎఱ్ఱ రక్తకణములందలి హీమోగ్లోబిన్ తయారు కాదు. హీమోగ్లోబిన్ తగ్గినచో ఊపిరితిత్తులనుండి కండరములకు చేరు ఆక్సిజన్ తగ్గును. ఆక్సిజన్ చాలనిచో కణములందు ఆహారము ఆక్సీకరణము చెంది శక్తి విడుదలగుట కుంటుపడును. గుండె వేగముగా కొట్టుకొని ఆ లోటు పూడ్చ జూచును. దానినే మనము ఆయాసము, దడ అనుచున్నాము. చూడుడు, పోషణము, రక్తప్రసరణము, శ్వాసక్రియ అను మూడు పాఠములు ఒక్క ప్రశ్నలో కలిసినవి. పుస్తకమున ఇవి వేర్వేరు అధ్యాయములు; శరీరమున వేరుకావు. పరీక్షకులు కోరునదియు ఈ కలయికనే. పాఠశాలలో వారమున కొకసారి ఇచ్చు ఐరన్, ఫోలిక్ ఆమ్లపు మాత్రను కొందరు బాలికలు కిటికీలోనుండి పారవేయుదురని వినుచున్నాము. ఈ జవాబును తానై కూర్చుకొన్న పిల్ల ఆ పని చేయదని మా నమ్మకము.

గుండెను గూర్చిన ప్రశ్న ఒకటి: "ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకన్న మందముగా నుండు నేల?" కుడి జఠరిక రక్తమును పక్కనే యున్న ఊపిరితిత్తులకు పంపును, ఎడమది తలనుండి పాదము వరకు పంపవలెను. పక్క మడికి నీరు తోడు మోటారునకును, ఎత్తైన ట్యాంకునకు నీరెక్కించు మోటారునకును గల భేదము మీకు తెలియును. పిల్లలకు మీరే చెప్పగలరు.

దోమల సంగతి పంచాయతీకి మరింత దగ్గర. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మన సికింద్రాబాదునందే. "మలేరియా ఎట్లు వ్యాపించును?" అని యడిగిన, "దోమకాటువలన" అని ప్రతి పిల్లయు చెప్పును. అక్కడ ఆపక, "నీటి తొట్లను వారమున కొకసారి ఖాళీచేయు మనుట ఎందులకు? నెలకొకసారి చాలదా?" అని యడుగుడు. గ్రుడ్డు లార్వాగాను, ప్యూపాగాను మారి, రెక్కల దోమ యగుటకు మన ఎండలలో ఇంచుమించు వారము పది దినములు పట్టును. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమ గ్రుడ్లు తొట్టి గోడలకు అంటుకొని యుండును గనుక, నీరు పారబోసిన చాలదు, గోడలను తోమవలెను. ఈ జవాబు వ్రాసిన పిల్లకు మార్కులు వచ్చును; విన్న వార్డు సభ్యునకు పని కనబడును.

ఇక అనువంశికత. ఇది సున్నితమైన విషయమని మేమెరుగుదుము, అయినను దాటవేయము. "శిశువు లింగమును నిర్ణయించునది తల్లియా, తండ్రియా?" తల్లి అండములన్నిటను ఎక్స్ క్రోమోజోమే యుండును. తండ్రి శుక్రకణములలో సగము ఎక్స్ గలవి, సగము వై గలవి. వై గల శుక్రకణము అండముతో కలిసిన మగశిశువు, ఎక్స్ గలది కలిసిన ఆడశిశువు. ఇందు తండ్రి కోరికకును తావులేదు, తల్లి దోషమునకును తావులేదు. పరీక్షలో ఈ జవాబు చక్కగా వ్రాసిన బాలికయే ఇంటికి వచ్చి, ఆడపిల్లలను కన్నందులకు తన తల్లి మాటలు పడుట చూచుచున్నది. ఈ ప్రశ్నను పంచాయతీ గదిలో, పెద్దలు వినుచుండగా బిగ్గరగా అడుగవలెనని మా మనవి.

బజారున దొరకు ప్రశ్నోత్తర పుస్తకములను గూర్చి ఒక మాట. ప్రశ్నలవరకు అవి పనికివచ్చును. జవాబులను ముందుగా చదివి, తరువాత ప్రశ్న చూచుట మాత్రము ఎద్దునకు ముందు బండిని కట్టుట వంటిది. పటముల విషయమును అంతే: చూచి గీసిన పటము పది యైనను, చూడక గీసి భాగముల పేర్లు గుర్తించిన పటము ఒక్కదానికి సాటిరావు.

పరీక్ష తప్పినవారిని గూర్చి గూడ చెప్పవలెను. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయమున నెగ్గిరి. కణములందు శక్తిని నిలువచేయు ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో ఆయన ఒకరు. పైన చెప్పిన ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది ఆయన బృందమే. బోదకాలు నివారణకై మీ గ్రామములందు పంచిన డి.ఇ.సి. మాత్రయు వారి కృషి ఫలమే. తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ పరీక్ష కలదు. వారిని ఈ సాయంకాలపు కూటములకు మొదట పిలువవలసినవారుగా లెక్కింపుడు.

పంచాయతీ చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సాయంకాలము రెండు గంటలు కార్యాలయపు గది, మంచి దీపము, నల్లబల్ల చాలును. చీకటిపడిన పిదప బాలికలను ఇండ్లకు చేర్చు భారము మాత్రము పేరుపేరున ఎవరికైన అప్పగింపవలెను. అది లేనిచో రెండవ దినమునుండి వారు రారు. అట్ట ముక్కలపై ఒక ప్రక్క ప్రశ్న, వెనుక ప్రక్క జవాబు వ్రాయించుడు. అడుగువానికి జీవశాస్త్రము రానక్కరలేదు, చదువ వచ్చిన చాలును, తాతయైనను అడుగవచ్చును. తప్పిన చీటీ ఒక పెట్టెలో పడి మూడు దినములకు మరల రావలెను; ఒప్పైన చీటీ మరియొక పెట్టెలో పడి పది దినములకు వచ్చిన చాలును. అన్ని పాఠముల చీటీలను కలిపి అడుగుట మేలు, పరీక్షాపత్రమున ప్రశ్నలు పాఠముల వరుసన రావు గనుక. తప్పు జవాబును పదిమారులు అడిగించుకొన్న పిల్లకు అదే స్థిరపడును. కావున మొదటి వారమునకు ఇరువది చీటీలే వ్రాయించి, ఉన్నత పాఠశాలలోని జీవశాస్త్ర ఉపాధ్యాయునిచే వెనుక ప్రక్క సరిచూపించి, అటుపిమ్మట పెట్టెలో వేయుడు.