గోడలేని సరిహద్దు

జర్మను జాతిని 1952 నుండి ముళ్లకంచె చీల్చెను. 1961లో బెర్లినున గోడ లేచెను. 1989 నవంబరు 9న నా గోడ తెరువఁబడెను. మఱుసటి యేఁట జాతి యేకమయ్యెను.

మన చిత్తూరు సీమలో గోడ లేదు. పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ఆంధ్రప్రదేశమునకును జెందెను. నగరి నుండి తిరుత్తణికిఁ బోవు చుట్టమునకు ముళ్లకంచె యడ్డము లేదు. గీత బడిలోఁ బడినది. 2006 నాటి చట్టముచేఁ దమిళనాటి బడులలోఁ దమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యమయ్యెను. అచటి భాష నేర్చుట ధర్మమే. దానికై తల్లినుడిని విడువ నక్కఱలేదు. సత్యవేటి తమిళ బిడ్డలకును నిదియే న్యాయము.

గోడను గూల్చుటకు సమ్మెట చాలును. మఱచిన యక్షరమును మరలఁ దెచ్చుటకు సమ్మెట యేది? కావున సరిహద్దు కిరువంకల ప్రతి పఠనాలయమునను ఆదివారపు బడి తెఱతము. పలక మనమే కొందము.