అర్జీకి ఒక ధర్మం, కథకు ఒక ధర్మం

(ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా మమ్మల్ని కోరినారు. షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవారు కొందరు, ఇక్కడినుంచి నేరుగా నైట్ డ్యూటీకి వెళ్ళవలసినవారు కొందరు కూర్చున్న ఈ సభలో పాండిత్యం ప్రదర్శించడం మా ఉద్దేశం కాదు. మన బులెటిన్‌కు సభ్యులు పంపే కథలు, గేయాలు చదివే బాధ్యత మాపై ఉన్నది. వాటిని చదివేటప్పుడు మాకు తరచుగా ఒక సందేహం కలుగుతుంది: ఇది కథా, లేక పాత్రలకు పేర్లు పెట్టిన మెమొరాండమా? యూనియన్ ఆఫీసుకు వచ్చే కొన్ని అర్జీలు చూసినప్పుడు ఇందుకు తలకిందులైన సందేహం కలుగుతుంది: ఇది అర్జీయా, కథా? మొదటి పొరపాటు వల్ల సాహిత్యం నష్టపోతుంది. రెండవ పొరపాటు వల్ల అర్జీదారుడు నష్టపోతాడు. కనుక ఈ రెండు రాతలకు గల భేదాన్ని మన ఉద్యోగజీవితం నుంచే విచారించడం ఉచితమని భావిస్తున్నాము.

నిజానికి మనమంతా రాతగాళ్ళమే. స్టేషను మాస్టరు డైరీ రాస్తాడు. గార్డు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నాము, బండి నడిచిన తీరంతా జర్నల్‌లో ఎక్కిస్తాడు. తపాలా గుమాస్తా సాయంత్రం లెక్క పైసాతో సహా కుదిరితే గాని కుర్చీ వదలడు. ఛార్జిషీటు వచ్చినవాడు సంజాయిషీ రాస్తాడు. ఈ రాతలన్నిటికీ ఒక్కటే నియమం: ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. డ్రైవరు చేతికిచ్చే కాషన్ ఆర్డరులో ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు, ఎంత వేగం అన్నది రెండు విధాలుగా చదవడానికి వీలైతే ప్రాణాలు పోతాయి. అక్కడ కల్పనకు తావు లేదు, ఉండకూడదు.

మన ఆలంకారికులు ఈ విషయం ఏనాడో ఆలోచించినారు. మమ్మటుడు, మన ఓరుగల్లు విద్యానాథుడు చెప్పిన విభాగం మీలో చాలామందికి తెలిసినదే. వేదం ప్రభుసమ్మితం, అంటే ప్రభువు ఆజ్ఞ వంటిది. పురాణేతిహాసాలు మిత్రసమ్మితం, స్నేహితుని హితవు వంటివి. కావ్యం కాంతాసమ్మితం, ప్రియమైన మనిషి మాటవలె తెలియకుండానే మనసును తనవైపు తిప్పుకొనేది. మన భాషలో చెప్పాలంటే రైల్వే బోర్డు సర్క్యులరు ప్రభుసమ్మితం. యూనియన్ కరపత్రం మిత్రసమ్మితం. మూడవది మాత్రం ఏ ఆఫీసు నుంచీ రాదు. మనలో ఎవరో ఒకరు కూర్చుని రాయవలసిందే.

అయితే భేదం కేవలం తియ్యదనంలో ఉన్నదా? విశేషణాలు, ఉపమానాలు గుప్పించితే రిపోర్టు కథ అవుతుందా? కాదని మన ఉత్తరాంధ్రలో జరిగిన ఒక ఉదాహరణ చెబుతున్నది.

విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజావారు తయారు చేయించినారు. గురజాడ అప్పారావు గారు 1897లో వెలువడిన కన్యాశుల్కం తొలి కూర్పు పీఠికలో ఆ లెక్కలు ఇచ్చినారు. నమోదైన పెళ్ళిళ్ళు 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక జాబితా సంపూర్ణం కాదని కూడ ఆయనే చెప్పినారు.

సోదరులారా, ఇంతకంటె భయంకరమైన రిపోర్టు ఏముంటుంది? ఆ లెక్కలు ఎంతో విలువైనవి. అవి లేకుంటే దురాచారం ఉన్నదని రుజువే లేదు. కాని ఆ ముగ్గురు పసిపిల్లల పేర్లు ఈనాడు మనకు తెలియవు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడిన నాటకంలోని సుబ్బి, బుచ్చమ్మ మాత్రం వంద సంవత్సరాలు దాటినా మన ఇళ్ళలో మనుషులవలె ఉన్నారు. జాబితా ఎంతమంది అని చెప్పింది. అమ్ముడుపోయిన ఇంట్లో అన్నం ఎలా వడ్డిస్తారో, ఆ తల్లి భర్తకు ఎలా ఎదురు చెబుతుందో నాటకం చూపించింది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. గురజాడ సంఘసంస్కరణ పక్షంవాడు. మరి ఆ నాటకంలో సంస్కరణ గురించి అందరికంటె గొప్పగా ఉపన్యసించేది ఎవరు? గిరీశం! పచ్చి మోసగాడు. వివేకం, దయ ఎవరిలో కనబడతాయి? సంఘం వెలివేసిన వేశ్య మధురవాణిలో. కరపత్రం రాసేవాడు ఇలా రాయలేడు, రాయకూడదు కూడ. తన పక్షంలోని దొంగను పట్టుకోవడానికి, ఎదుటి పక్షంలోని మనిషిని గుర్తించడానికి స్వేచ్ఛ ఉన్నది సృజనాత్మక రచనకే. ఆ గురజాడే 1914లో వ్యావహారిక భాష కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించినప్పుడు ఆధారాలు, తర్కం పేర్చినారు గాని పాత్రలను ప్రవేశపెట్టలేదు. కలం ఒకటే, ధర్మాలు రెండు. ఆయన రెండింటినీ ఎరిగినవారు.

తపాలా సోదరులకు ఈ బెంగాల్ గడ్డమీదే ఒక పెద్దన్న ఉన్నారు. దీనబంధు మిత్ర తపాలా శాఖ ఉద్యోగి. నీలిమందు రైతులపై తోటదొరలు చేసిన దౌర్జన్యాలపై ఆయన రాసిన నీల్‌దర్పణ్ నాటకం 1860లో ఢాకాలో రచయిత పేరు లేకుండా వెలువడింది. అదే సంవత్సరం ప్రభుత్వం నియమించిన నీలిమందు విచారణ సంఘం కూడ సాక్ష్యాలు తీసుకుని, తోటదొరల పద్ధతులను తప్పుపట్టింది. అయినా తోటదొరలు కోర్టుకు లాగినది ఆ నాటకం ఇంగ్లీషు అనువాదాన్ని. దాన్ని ప్రచురింపజేసిన రెవరెండ్ జేమ్స్ లాంగ్‌కు 1861లో ఒక నెల జైలు, 1000 రూపాయల జరిమానా విధించినారు. ఎందుకని? రిపోర్టుకు జవాబు రిపోర్టుతో ఇవ్వవచ్చు. రంగస్థలం మీద ఏడ్చిన రైతుకు ఏ ఫైలులోనూ జవాబు దొరకదు.

ఇప్పుడు మన మధ్యకు వద్దాము. ఒక ఉదాహరణ కల్పించుకుందాము. మంచు కురిసే తెల్లవారుజామున ఒక కీమన్ భుజాన సుత్తి, స్పానరు వేసుకుని తన బీటులో పట్టాలు చూసుకుంటూ నడుస్తున్నాడు. బండి వచ్చింది, అతడు లేడు. ఈ ఒక్క సంఘటనపై మూడు రాతలు రావాలి.

మొదటిది ప్రమాద నివేదిక. కిలోమీటరు, సమయం, బండి నంబరు, మంచు ఎంత, హెచ్చరించవలసినవాడు ఎక్కడున్నాడు అన్నవి అందులో ఉండాలి. ఏడుపు ఉండకూడదు. రెండవది యూనియన్ అర్జీ. పరిహారం, భార్యకో కొడుక్కో ఉద్యోగం, ఒంటరిగా పంపే పద్ధతి మార్చాలన్న కోరిక ఇందులో ఉండాలి. ప్రతి అంశానికి రుజువు కావాలి. లేని పిల్లను ఒకరిని చేర్చినా, వయసు ఒక ఏడాది తగ్గించినా కేసంతా కూలుతుంది. జాలి పుట్టించాలనే ఆత్రంతో అర్జీలో కల్పన చేర్చినవాడు ఆ కుటుంబానికి అపకారం చేసినవాడే.

మూడవది కథ. ఆ ఉదయం హెచ్చరించవలసిన సహచరుడు క్షణంపాటు బీడీ వెలిగించుకోవడానికి తల తిప్పినాడనుకోండి. అతడు మనవాడే, చందా కట్టిన సభ్యుడే. నివేదికలో ఆ సంగతి నేరం అవుతుంది. అర్జీలో దానికి చోటు ఉండదు. అర్జీ కుటుంబం పక్షాన మాట్లాడుతుంది. కాని ఆ మనిషి ఆ తరువాత ఎలా నిద్రపోయినాడు? పెద్దకర్మనాడు ఆ ఇంటి గడప ఎలా తొక్కినాడు? ఆ భార్య అతని చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టినప్పుడు అతడు ఆమె ముఖం చూడగలిగినాడా? ఇది అడిగేది కథ ఒక్కటే. అది తీర్పు చెప్పదు, శిక్ష వేయదు, క్షమించమని కూడ చెప్పదు. చదివినవాణ్ణి ఆ గడపలో నిలబెట్టి ఊరుకుంటుంది.

కనుక మేము గ్రహించిన భేదం ఇది. నివేదిక, అర్జీ నిజం చెప్పినాయా లేదా అన్నది బయటివాడు వెళ్ళి సరిచూడగలడు. కోరిక నెరవేరితే అర్జీ పని ముగుస్తుంది, ఫైలు మూతబడుతుంది. కథలో నిజాన్ని సరిచూసేది పాఠకుని గుండె. అది మూతబడే ఫైలు కాదు. అర్జీలో కల్పన అబద్ధం. కథలో కల్పన అబద్ధం కాదు, కాని అక్కడ మరొక అబద్ధం ఉన్నది: మనవాళ్ళంతా దేవతలు, ఆఫీసర్లంతా రాక్షసులు అని రాయడం. “ఇది నిజంగా జరిగింది” అన్న సమర్థన అర్జీకి బలం. కథకు అది చాలదు. జరిగినది జరిగినట్టే రాసినా మనిషి కనబడకపోతే అది కథ కాలేదన్నమాటే.

భాష సంగతి కూడ ఒక మాట. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు కోర్టు కాగితాల భాష బాగా తెలిసినవారు. ఆరు సారా కథలలో మాత్రం పేదవాని మాట పేదవాని నోటనే వినిపించినారు. మన ఖరగ్‌పూర్ తెలుగు శ్రీకాకుళం యాసలో పుట్టి, బెంగాలీ, హిందీ కలుపుకుని పెరిగినది. మెమొరాండంలో దాన్ని దిద్దండి. కథలో దిద్దకండి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వచ్చినదో మనవి చేస్తాము. ఈ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు, 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా పేరుపొందింది అని రిపోర్టు చెబుతుంది. ఇక్కడి భాష ఒక్క ముక్క రాక, చంకన బిడ్డతో, నెత్తిన ట్రంకుపెట్టెతో మొదటిసారి దిగిన మన నాయనమ్మకు ఆ ప్లాట్‌ఫారం ఎంత పొడవో ఏ రికార్డులో ఉన్నది? 1927లో ఈ వర్క్‌షాపు కార్మికుల పోరాటం, ఆనాటి బి.ఎన్. రైల్వే కార్మికులకు వి.వి.గిరి గారి నాయకత్వం చరిత్రకెక్కినాయి. 1974 మే 8 నుంచి 27 వరకు జరిగిన సమ్మెకు తేదీలు, డిమాండ్లు ఉన్నాయి. కాని ఆ ఇరవై రోజులు పొయ్యి ఎలా వెలిగింది? డ్యూటీకి వెళ్ళిన పొరుగువానితో మాటలు మానుకున్నవారు మళ్ళీ ఎన్నాళ్ళకు మాట్లాడుకున్నారు, అసలు మాట్లాడుకున్నారా? ఆనాడు ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు ఈనాడు డెబ్బై దాటినవారు. వారితోపాటు ఆ మాటలు వెళ్ళిపోతే మనకు మిగిలేవి సర్వీసు రిజిస్టర్లే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వడానికి ఆమోదించింది. సంతోషం. ఆ హోదాతో తెలుగులో అర్జీ పెట్టుకునే హక్కు బలపడుతుంది. తెలుగులో కథ మాత్రం ఏ మంత్రివర్గమూ మంజూరు చేయలేదు.

కనుక మా విజ్ఞప్తి రెండు మాటలు. అర్జీ రాసేటప్పుడు గుమాస్తాకంటె కఠినంగా ఉండండి: తేదీ, నంబరు, రుజువు తప్ప మరేమీ వద్దు. కథ రాసేటప్పుడు యూనియన్ బ్యాడ్జీ ఒక్క గడియ తీసి పక్కన పెట్టండి. మనకు అది విద్రోహం కాదు. మన మనుషుల తప్పులతో సహా వారిని ప్రేమించగలమని చాటుకొనడమే. ఇంటికి వెళ్ళి పెద్దవారి పక్కన కూర్చోండి, అడగండి, వినండి. తరువాత రాయండి. ఈ పత్రిక పుటలు మీకోసం ఖాళీగా ఉంచుతాము.