మనిషి ఫోటోకు తగిన ఫ్లాష్ దీపము

(ఫోటో పని నేర్చుకొనుచున్న గ్రామ యువజనుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీలో పెక్కుమంది ఊరిలోనే ఫోటోల పని పెట్టుకొనదలచినవారు. కెమెరా కొనుటకు అప్పు చేసినవారును కొందరున్నారు. ఇక మిగిలినది ఫ్లాష్ దీపము. "ఏది కొనమందురు?" అని ఉదయమునుండి మమ్ము అడుగుచునే ఉన్నారు. ఒక పేరు చెప్పి ఊరకుండవచ్చును. కాని అంగడిలోని పేర్లు ఏటేట మారును. వెలుగు స్వభావము మారదు. కావున ముందుగా మేము చేసిన ఒక తప్పును మీకు చెప్పెదము.

ఈ పనిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో మేము దుకాణములోనికెల్ల బలమైన ఫ్లాష్‌ను కొంటిమి. బలమెంత హెచ్చయిన ఫోటో అంత బాగుండునని మా నమ్మకము. దానిని కెమెరా నెత్తిన బిగించి ఒక ఇంటికి పోతిమి. ఆ ఇంటి అవ్వకు ఫోటో తీయించుకొనుట అదియే మొదటిసారి. పట్టుచీర కట్టుకొని, ముఖమునకు పసుపు రాసికొని, అరుగుమీద గోడకు ఆనుకొని కూర్చుండెను. మేము మీట నొక్కితిమి. ఫోటోలో ఆమె నుదురు, ముక్కు సున్నము పూసినట్లు తెల్లబడినవి. ముడుతలు మాయమైనవి. గోడమీద నల్లని నీడ మరియొక మనిషివలె నిలిచినది. ఆమెది చామనచాయ, ఫోటోలో ఆ చాయ లేదు. మరుసటి సంవత్సరము ఆమె కాలధర్మము నొందెను. దండ వేయుటకు వారికి ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. ఇప్పటికిని ఆ ఇంటికి పోయినప్పుడు మేము ఆ గోడవైపు చూడజాలము.

ఫ్లాష్‌లో లోపమేమియు లేదు. అది ఉన్న చోటు తప్పు. వెలుగు వచ్చుచున్న ముఖద్వారము మిక్కిలి చిన్నది. కెమెరా కంటి ప్రక్కనుండియే వెలుగు తిన్నగా పోయినచో ముఖములోని ఎత్తుపల్లములకు నీడ పడదు. ముఖము పలకవలె కనబడును. వెలుగు బయలుదేరు చోటు చిన్నదైన కొలది నీడ అంచు కత్తితో కోసినట్లుండును. మిట్టమధ్యాహ్నపు టెండలో నిలిచిన మనిషిని చూడుడు. కన్నుల క్రింద, ముక్కు క్రింద ఎంత కఠినమైన నీడలు! సూర్యుడు ఎంత పెద్దవాడైనను దూరముననుండుటచే మనకు చిన్న బిళ్లయే. అదే మనిషిని మబ్బు పట్టినప్పుడు చెరువుగట్టున చూడుడు. ఆకాశమంతయు దీపమైనందున నీడలు మెత్తబడును.

పూర్వులకు ఈ సంగతి బాగుగా తెలియును. రాజా దీనదయాళ్ 1880ల దశకమున సికింద్రాబాదులో స్టూడియో నడపునాటికి నేటి విద్యుత్ ఫ్లాష్ లేదు. దానిని అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల దశకములోగాని అభివృద్ధి చేయలేదు. పగటి వెలుగే ఆనాటివారికి ముఖ్యాధారము. మన ఇండ్లలో గుమ్మము ప్రక్కన కూర్చుండి బియ్యము ఏరుకొను తల్లి ముఖముపై పడునది అట్టి వెలుగే. ఆ గుమ్మపు వెలుగును ఏ చోటికైనను, ఏ వేళనైనను మోసికొనిపోవుటకే మనము ఫ్లాష్ కొనుచున్నామని తలచుడు. అప్పుడు ఏమి కొనవలెనో సగము తేలిపోవును.

కావలసినది మధ్యరకపు బలము గల ఒక చిన్న ఫ్లాష్, అది కెమెరాకు దూరముగా ఉన్నను వెలుగునట్లు చేయు రేడియో ట్రిగ్గరు, ఒక స్టాండు, మీటరు వెడల్పు గల తెల్లని గొడుగు. ఉన్న డబ్బంతయు ఫ్లాష్‌కే పోసి గొడుగు, స్టాండు తరువాత చూచుకొందమనుట మేము చేసిన తప్పే. డబ్బు చాలకున్న చౌకయైన ఫ్లాష్ కొనుడు. గొడుగును మాత్రము విడువకుడు. మనిషికి ఒక ప్రక్కగా, కన్నుల కంటె కొంచెము ఎత్తున, మీటరు పైచిలుకు దూరములో గొడుగును నిలిపి, దాని గుండ వెలుగును పంపవలెను. రెండవ ప్రక్క నీడ మరీ నల్లబడిన, తెల్లని పంచెను చాపి పట్టుకొనుటకు ఒక కుర్రవాడు చాలును.

బలము సంగతి లెక్కవేసి చూతము. ఫ్లాష్ పెట్టెమీద గైడ్ నంబరు అని ఒక అంకె ఉండును. దానిని మీటర్లలోని దూరముతో భాగించిన, ఐఎస్ఓ 100 వద్ద పెట్టవలసిన ఎపర్చరు వచ్చును. నంబరు 40 అయి, మనిషి 5 మీటర్ల దూరమున ఉన్న ఎపర్చరు 8. అయితే పెట్టెమీది అంకె సాధారణముగా వెలుగును సన్నని ధారగా బిగించి కొలిచినది. గొడుగుకై వెలుగును వెడల్పు చేసిన అది తగ్గును. 28 మిగిలినదనుకొందము. గొడుగు గుండ పోవునప్పుడు వెలుగులో నాలుగవ వంతే దక్కినదనుకొనిన, నంబరు సగమై 14 అగును. 1.2 మీటర్ల దూరములో ఎపర్చరు 11 దాక వచ్చును. కూర్చున్న మనిషికి 5.6 చాలును గదా! అనగా పూర్తి బలములో నాలుగవ వంతుతోనే మన పని తీరినది. దూరము రెట్టింపయిన వెలుగు నాలుగవ వంతగునని మరువకుడు. దీపమును దగ్గరకు జరుపుటకు ఖర్చు లేదు.

కావున బలముకంటె, ఆ బలమును చేతితో తగ్గించుకొను వీలును చూడుడు. పూర్తినుండి 64వ వంతు వరకైనను మెట్లు మెట్లుగా తగ్గవలెను. తల పైకి, ప్రక్కకు తిరుగవలెను. తెల్లని సున్నము వేసిన కప్పుమీదికి వెలుగును కొట్టి ఫోటో తీయవచ్చును. నీలి గోడకు కొట్టిన ముఖము నీలమగును, పెంకుటింటి కప్పునుండి తిరిగి వచ్చునది స్వల్పము. కెమెరాయే వెలుగును లెక్కకట్టు టీటీఎల్ అను ఏర్పాటు పెండ్లిండ్లలో, మనుషులు కదలుచున్నచోట ఉపయోగము. కదలక కూర్చున్నవారికి అది లేకున్నను లోటు లేదని మా అభిప్రాయము.

పెద్ద స్టూడియో దీపములు, రెండు మూడు వందల వాట్‌సెకండ్లవి, ఎండలో తీయువారికిని, పందిటిలో ముప్పదిమందిని ఒక్కసారి నిలువబెట్టువారికిని కావలెను. పని పెరిగిన పిమ్మట కొనుడు. ఫోనుతో మాత్రమే తీయువారికి ఈ ఫ్లాష్‌లు సాధారణముగా పనిచేయవు. వారు నిలకడగా వెలుగు ఎల్‌ఈడీ దీపమును చూచుకొనవలెను.

కొనునప్పుడు కెమెరాను వెంట తీసికొనిపొండు. ఇటీవలి తక్కువ ధర కెమెరాలు కొన్నింటిలో ఫ్లాష్ బిగించు చోట నడిమి మొన లేదు. సాధారణపు ట్రిగ్గరు వానిపై పలుకదు. ఇంటిలో మూలపడియున్న పాతకాలపు ఫ్లాష్‌ను క్రొత్త డిజిటల్ కెమెరాకు తగిలింపకుడు. పాతవానిలో కొన్నిటి మొనవద్ద 200 వోల్టులకు పైగా ఉండును, కెమెరా చెడిపోవును. చెడిన ఫ్లాష్‌ను విప్పి చూడకుడు. ఆపివేసిన తరువాత కూడ లోపల సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలిచియుండగలదు; అది ప్రాణాపాయము. సెల్లుల ఫ్లాష్ అయినచో తిరిగి చార్జి చేయదగిన నాలుగేసి సెల్లుల జతలు రెండు ఉంచుకొని, కరెంటు ఉన్న రాత్రియే నింపుకొనుడు.

మరియొక మాట. నల్లని ముఖమును వెలుగు కుమ్మరించి తెల్లచేయుట నైపుణ్యమని కొందరనుకొందురు. అడుగువారును ఉందురు. మేము దానికి ఒప్పుకొనము. నల్లని చాయలో చెక్కిలిమీది మెరుపు, కంటిలోని వెలుగు చుక్క ప్రక్కనుండి వచ్చు మెత్తని దీపముతోనే కనబడును.

బయట అరుగుమీద స్టాండు, గొడుగు సిద్ధముగా ఉంచితిమి. ఈ ఊరి పెద్దమ్మ ఒకరు కూర్చుండుటకు ఒప్పుకొన్నారు. మొదట ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన పెట్టి ఒకటి, తరువాత గొడుగులోనుంచి ఒకటి తీయుదము. రెండవది అచ్చు వేయించి ఆమెకిచ్చెదము. రండు, ఎండ దిగకముందే మొదలుపెట్టుదము.