అయిదు లక్ష్యాలు, నాలుగు సెకన్లు
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ధర్మపురిలో తెలుగు చదువు డెబ్బై అయిదేళ్లు నిలిచిన శుభసమయంలో పిస్టల్ క్రీడను గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. "పిల్లల చేతికి తుపాకీ ఎందుకు?" అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఆ క్రీడలోని ఒక్క చిన్న పనిని, ఒక గురి నుండి మరొక గురికి మారడాన్ని, విప్పి చూపితే వారి సందేహం కొంత తీరుతుందని నా నమ్మకం.

ఒలింపిక్స్‌లో పురుషులకు 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ అనే పోటీ ఉంది. ఎదుట అయిదు లక్ష్యాలు వరుసగా ఉంటాయి. నడిమి నుండి నడిమికి 75 సెంటీమీటర్ల ఎడం. క్రీడాకారుడు చేయి 45 డిగ్రీలు దించి నిలబడాలి. సంకేతం రాగానే చేయెత్తి, లక్ష్యానికొక్కటి చొప్పున అయిదు గుండ్లు పేల్చాలి. మొదట 8 సెకన్ల గడువు, తరువాత 6, చివరకు 4. ద్రోణాచార్యులవారు అర్జునుణ్ణి ఒక్క పక్షిని గురించే అడిగారు. ఇక్కడ అయిదు పక్షులు, పైగా గడియారం! 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన సైనికుడు విజయ్ కుమార్ ఈ పోటీలోనే రజతం సాధించారు.

చూసేవారికి ఇదంతా చేతివేగంగా కనబడుతుంది. నిజానికి ఒక లక్ష్యం నుండి పక్కదానికి చేయి తిరగవలసింది రెండు డిగ్రీల కన్న తక్కువే. ఆలస్యం జరిగేది వేరే చోట. పేలిన గుండు ఎక్కడ తగిలిందోనని కన్ను వెనుకనే ఉండిపోతుంది. లేదా మణికట్టు ఒక్కటే విసురుగా తిరిగి లక్ష్యాన్ని దాటిపోతుంది. మరల వెనక్కి రావాలి. అందుచేత గుండు వెడలగానే చూపు ముందు సాగాలి. భుజం, చేయి ఒకే ముక్కగా నడుముతోపాటు తిరగాలి. ఆ తిరిగే సమయంలోనే వేలు ట్రిగ్గర్‌పై ఒత్తిడి ఆరంభించాలి. లక్ష్యం చేరాక ఆరంభిస్తే కాలం చాలదు. చేరిన పిమ్మట చూపు పిస్టల్ కొనపైని సైట్ మీద నిలవాలి. లక్ష్యం కొంత మసకగా కనబడినా బాధ లేదు.

హంగేరీ సైనికుడు కారోలీ టకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి పాడయింది. ఆయన ఎడమచేతితో మొదటి నుండి నేర్చుకుని, 1948లోనూ 1952లోనూ ఈ పోటీలోనే ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో భాగస్వామి. ఆ పోటీలో గురి ఒక్కటే. కాని వేగపు ఘట్టంలో ప్రతి గుండుకూ చేయి దించి, మరల ఎత్తి, మూడు సెకన్లలో పేల్చాలి.

పిస్టల్, గుండ్లు ఖరీదైనవి. అనుమతులు, శిక్షకుడు, సరైన రేంజ్ లేనిదే వాటిని ముట్టరాదు. మన పిల్లలకు ఇప్పుడు అవేవీ అక్కరలేదు. వరండా గోడపై కంటి ఎత్తున, 15 సెంటీమీటర్ల ఎడంతో అయిదు సుద్ద చుక్కలు పెట్టండి; ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్ల వెడల్పు. అయిదు మీటర్ల దూరంలో నిలబడితే అసలు పోటీలోని కొలతే కళ్లకు కనబడుతుంది. వట్టి చేయి చాచి, చూపుడువేలితో ఒక్కొక్క చుక్కపై నిలిచి సాగాలి. పక్కన ఒకరు గడియారం పట్టుకుని ఎనిమిది సెకన్లు లెక్కపెట్టాలి. అయిదు చుక్కలూ తప్పకుండా కుదిరాకనే ఆరుకు దిగండి. ఈ యేడు నాలుగు సెకన్ల మాట తలపెట్టవద్దు.